ఆర్గన్ కింద ఓ సాయంత్రం

“బూట్లు విప్పొద్దు మామా, ఇక్కడ ఎవరూ విప్పరు.”

అల్లుడు నా భుజం పట్టి ఆపాడు. అప్పటికే గడప దగ్గర వంగి లేసు విప్పుతున్నాను. మహానంది గుడికి పోయినా, నంద్యాల హోలీ క్రాస్ చర్చికి పోయినా కాళ్లకున్నవి బయట వదలడం చిన్నప్పటి అలవాటు. డబ్లిన్‌లో మేరీ వీధి చర్చి ముందు కూడా చెయ్యి దానంతటదే కిందికి పోయింది.

లోపల అడుగు పెట్టగానే బీరు వాసన. ఒకప్పుడు జనం మోకరిల్లిన చోట పొడుగాటి బార్ కౌంటరు, చుట్టూ ఎత్తు కుర్చీలు. పైన గ్యాలరీలో నిలువెత్తు గొట్టాల ఆర్గన్ అట్లాగే ఉంది. సంగీతకర్త హాండెల్ దానిమీద సాధన చేసేవాడని చెబుతారు. గోడకు చనిపోయినవాళ్ల పేర్లు చెక్కిన ఫలకం. దాని కిందే ఒకాయన కోటు కుర్చీకి తగిలించి గట్టిగా నవ్వుతున్నాడు. ఆ అక్షరాలను వేలితో తడిమాను. చల్లగా ఉన్నాయి.

ఈ సెయింట్ మేరీస్ అంటే సామాన్యమైన చర్చి కాదు. 1700 ప్రాంతంలో కట్టారు. 1747లో మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ ఐర్లండ్‌లో తొలి ప్రసంగం చేసింది ఇక్కడే. 1761లో ఆర్థర్ గిన్నిస్ ఒలీవియా విట్‌మోర్‌ను పెళ్లాడిందీ ఇక్కడే. అంతకు రెండేళ్ల ముందు, 1759లో, ఆయన బీరు కార్ఖానాను ఏటా 45 పౌండ్ల బాడుగకు 9000 ఏళ్లకు రాయించుకున్నాడు. ఆయన పెళ్లి ప్రమాణం చేసిన కప్పు కిందే ఈరోజు ఆయన పేరున్న నల్లబీరు పోస్తున్నారు.

అల్లుడు నా ముందు ఓ గ్లాసు పెట్టాడు.

“ఎట్లారా ఇది? దేవుడి ఇల్లు గదరా!”

“జనం రావడం మానేశారు మామా. 1986లో మూసేశారు. 1997లో ఒకాయన కొని, ఏళ్ల తరబడి బాగుచేయించి 2005లో బార్‌గా తెరిచినాడు. లేకుంటే కప్పు కూలిపోయేది.”

నాకు మా మహానంది కోనేరు గుర్తొచ్చింది. రూపాయి బిళ్ల వేస్తే అడుగున బొమ్మా బొరుసూ తెలిసేంత తేట నీళ్లు. బయటికి పోయి అరటితోటలకు పారే నీళ్లు. పొద్దున్నే మునిగేవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. ఇక్కడి జనం ఒక్కొక్కరే తగ్గిపోతూ, చివరి ఆరాధన నాటికి ఎంతమంది మిగిలారో అని తలుచుకుంటే గొంతు పట్టేసింది. గోడలు దక్కించినవాళ్లకు దండం పెట్టాలి, అది నిజం. కానీ ఆ గ్లాసు ముట్టబుద్ధి కాలేదు. వాడు బలవంతం చేయలేదు.

బయటికొచ్చాం. చర్చి పక్కనున్న పాత శ్మశానం ఇప్పుడు జనం కూర్చునే చౌకు. సమాధి రాళ్లను ఓ వైపుకు చేర్చారు. ఆ చౌకుకు పెట్టింది వుల్ఫ్ టోన్ పేరు. ఐర్లండ్ స్వాతంత్ర్యం కోసం ప్రాణం విడిచిన ఆయనకు బాప్తిస్మం ఇచ్చింది ఈ చర్చిలోనే.