మొక్కల ఆత్మరక్షణ

పురుగులు, శిలీంధ్రాలు, బ్యాక్టీరియా, వైరస్‌ల దాడిని మొక్క తనంతట తాను తట్టుకోవడానికి ఉన్న ఏర్పాట్లన్నిటినీ కలిపి మొక్కల ఆత్మరక్షణ అంటారు. మొక్క పారిపోలేదు. మన రక్తంలోని తెల్లకణాల్లా ఒళ్లంతా తిరిగి శత్రువును పట్టే కణాలూ దానికి లేవు. అందువల్ల ప్రతి కణమూ దాడిని తానే పసిగట్టాలి, తానే పోరాడాలి, మిగతా కణాలకు కబురు పంపాలి. పెరుగుదలకూ గింజకూ పోవాల్సిన శక్తే ఇందుకూ ఖర్చవుతుంది. అందుకే కొన్ని రక్షణలు మాత్రమే ఎల్లవేళలా ఉంటాయి. తక్కినవి దాడి మొదలయ్యాకే మేలుకుంటాయి.

ఎల్లవేళలా ఉండేవాటిలో మొదటిది పైపొర. ఆకుమీది మైనపు పూత, నూగు, బెరడు, ముళ్లు ఈ కోవలోవి. వరి ఆకు చేతిని గీరేది అందులోని సిలికా వల్లే. అదే సిలికా పురుగుల దవడలను అరగదీస్తుంది. జిల్లేడు పాలు గాలి తగలగానే చిక్కబడి చిన్న పురుగుల నోటికి అంటుకుపోతాయి. గుండెను దెబ్బతీసే విషాలూ వాటిలో ఉంటాయి. అయినా ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గొంగళిపురుగు ఆ ఆకే తిని పెరుగుతుంది, ఆ విషాన్నే ఒంట్లో దాచుకుని పక్షుల బారి నుంచి తప్పించుకుంటుంది. మొక్క కట్టుకున్న ఏ రక్షణకైనా విరుగుడు కనిపెట్టే జీవి ఒకటి ఎక్కడో ఉంటుంది.

విషం దాచుకోవడం మొక్కకూ ప్రమాదమే. ఆ చిక్కును జొన్న పరిష్కరించుకున్న తీరు గమనించదగ్గది. ధురిన్ అనే పదార్థం ఆకు పైపొర కణాల్లో ఉంటుంది, దాన్ని విడగొట్టే ఎంజైము లోపలి కణాల్లో ఉంటుంది. విడివిడిగా ఉన్నంతకాలం రెండూ హాని చేయవు. ఆకును నమిలినప్పుడు కణాలు చితికి ఆ రెండూ కలుస్తాయి. హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. లేత పైరులో, బెట్టకు గిడసబారిన పైరులో, కోసిన మోళ్ల నుంచి వచ్చిన పిలకల్లో ధురిన్ ఎక్కువ. పశువులు నాము మేసి చనిపోయాయని మన రైతులు చెప్పుకునేది ఈ విషం గురించే. సకాలంలో సోడియం థయోసల్ఫేట్ ఎక్కిస్తే పశువు బతకవచ్చు. పచ్చిజొన్నను పూత దశ దాటాకే మేపాలన్న జాగ్రత్తకు కారణమూ ఇదే.

కొన్ని మొక్కలు సాయం కూడా రప్పించుకుంటాయి. గొంగళిపురుగు కొరికిన మొక్కజొన్న ఒక రకం వాసనలు వదులుతుందని, ఆ వాసన పట్టుకుని వచ్చిన చిన్న కందిరీగలు ఆ పురుగు ఒంట్లోనే గుడ్లు పెడతాయని అమెరికాలో టెడ్ టర్లింగ్స్, జేమ్స్ టమ్లిన్సన్, జో లూయిస్ 1990లో చూపించారు. ఆకును ఊరికే కోసి వదిలేస్తే ఆ స్పందన అంతగా రాదు. కోసిన చోట పురుగు నోటి స్రావం పూస్తే వస్తుంది.

తెగుళ్ల విషయంలో రక్షణ రెండంచెలుగా సాగుతుంది. బ్యాక్టీరియా కశాభంలోని ప్రొటీను, శిలీంధ్రపు గోడలోని కైటిన్ లాంటివాటిని కణం పైనున్న గ్రాహకాలు గుర్తుపడతాయి. ఆ స్పందనను అణచడానికి సూక్ష్మజీవి తన ప్రొటీన్లను కణంలోకి పంపుతుంది. వాటిని లోపలి గ్రాహకాలు గుర్తుపడితే సోకిన కణాలు తమంతట తామే చచ్చిపోయి, తెగులు అక్కడితో ఆగుతుంది. మొక్కలోని ఒక్కో నిరోధక జన్యువుకు తెగులులో ఒక్కో జన్యువు జోడుగా ఉంటుందని హెరాల్డ్ ఫ్లోర్ 1940లలో అవిసె తుప్పు తెగులు మీద పనిచేసి తేల్చాడు. ఒక ఆకుకు వైరస్ సోకాక పొగాకు మొక్క మిగతా ఆకుల్లోనూ నిరోధకత పెరుగుతుందని 1961లో ఫ్రాంక్ రాస్ చూపాడు. దీనికి సాలిసిలిక్ ఆమ్లం అవసరమని తర్వాత తెలిసింది.

ఈ జ్ఞానం తెలుగు నేల మీద పొలం దాకా వచ్చిన ఉదాహరణ సాంబ మసూరి. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన ఈ సన్నరకానికి అన్నంలో ఎంత పేరో, ఎండాకు తెగులుకు అంత లోకువ. ఈ తెగులు తెచ్చే బ్యాక్టీరియా ఆకు అంచుల్లోని నీటి రంధ్రాల గుండా, గాయాల గుండా చొరబడుతుంది. కొన నుంచి అంచుల వెంట ఆకు పసుపుబారి ఎండుతూ వస్తుంది. పొద్దున్నే చూస్తే ఆకు మీద పాలలాంటి చుక్కలు, ఎండాక పసుపురంగు పూసల్లా గట్టిపడి కనిపిస్తాయి.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ), వరి పరిశోధన సంచాలకాలయం కలిసి మూడు నిరోధక జన్యువులను సంకరణంతో, డీఎన్ఏ గుర్తుల సాయంతో ఇందులోకి తెచ్చాయి. మెరుగుపరచిన ఆ సాంబ మసూరి 2008లో విడుదలైంది. మూడు జన్యువులు మూడు రకాలుగా పనిచేస్తాయి. ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చిన ఎక్స్‌ఏ-21 బ్యాక్టీరియాను కణం బయటే గుర్తుపడుతుంది. వరి కణంలోని చక్కెరను బయటికి రాబట్టుకోవడానికి బ్యాక్టీరియా వాడుకునే జన్యువును, ఎక్స్‌ఏ-13 ఉన్న మొక్కలో అది మేల్కొలపలేదు. ఎక్స్‌ఏ-5 ఉంటే మొక్క జన్యువులను తన ప్రొటీన్లతో పనిచేయించుకునే దాని శక్తే తగ్గుతుంది. ఒకే జన్యువైతే బ్యాక్టీరియా మారి దాన్ని దాటిపోగలదు, మూడింటినీ ఒకేసారి దాటడం చాలా కష్టం.

విత్తనంలో నిరోధకత ఉన్నా సాగు తీరు దాన్ని బలహీనపరచగలదు. యూరియా మోతాదు మించితే ఆకు మెత్తబడి, పైరు గుబురెక్కి, ఎండాకు తెగులు, అగ్గితెగులు, సుడిదోమ మూడూ ఉధృతమవుతాయి. నత్రజనిని దఫాలుగా వేయమని, తెగులు కనిపించిన పొలంలో తాత్కాలికంగా ఆపమని చెప్పేది అందుకే.