కంచెలేని శిబిరం

"రష్యాలో ఖైదీలచేత అడవులు నరికించారట. అలాంటివి మన గడ్డమీద లేవు గదా?" అని జుక్కల్‌లో ఒక విద్యార్థి నన్ను అడిగాడు. ఆ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. రెంటికీ జవాబు చెప్పక తప్పదు.

ముళ్ళకంచె, తుపాకి కాపలా వుంటేనే శిబిరమనుకుంటే, మనకు లేవు. కాని నిజాం రాజ్యంలో వెట్టి వుండేది. దేశముఖులకూ, దౌరామీద వచ్చే అధికార్లకూ కులానికొక చాకిరి చొప్పున పల్లె పల్లెంతా వూడిగం చేసింది. 1920ల్లో ఆంధ్ర జనసంఘం ఆందోళన చేయగా నిషేధపు ఫర్మానా వెలువడింది. కాగితం మారింది గాని గడీ మారలేదు.

అడవిలో ఈ వెట్టికి ఇంకొక బలం తోడయింది. ఆదిలాబాదు అడవులను సర్కారు రిజర్వు చేసింది. తాతలనాటి పోడు ఆక్రమణ అయింది. పశువుల మేతా, వంటచెరకూ నేరాలయ్యాయి. 1929లో కాజీపేట-బల్లార్షా రైలుమార్గం పూర్తికాగా, దానివెంట వ్యాపారులు వచ్చారు. జంగ్లాతు ఉద్యోగులు గోండులచేత, కొలాములచేత కూలి లేకుండా పనులు చేయించుకున్నారు, మామూళ్ళు పిండుకున్నారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగిన తర్వాత నిజాం ప్రభుత్వమే విచారణకు పంపిన హైమెండార్ఫ్ ఈ సంగతులు వ్రాసిపెట్టాడు.

ఇందులో కీలకం ఏమిటి? సొంత నేలమీద మనిషిని చట్టం దొంగను చేసింది. దొంగ అయినవాడు కూలి అడగలేడు. పారిపోతే నేల పోతుంది. వుంటే చాకిరి తప్పదు. అటువంటివాడికి కంచె దేనికి?

ఇక రెండవ ప్రశ్న. బలవంతపు చాకిరిని రద్దుచేయాలని 1930 జూన్‌లో జెనీవాలో అంతర్జాతీయ ఒడంబడిక ఆమోదం పొందింది. సరిగ్గా 1930, 31 సంవత్సరాల్లోనే సోవియట్ ప్రభుత్వం సుమారు 18 లక్షల మందిని, కులక్కులనే పేరుతో, వూళ్ళనుంచి వెళ్ళగొట్టింది. అందులో ఎందరినో ఉత్తరపు అడవుల్లో కలప కొట్టడానికి తోలింది. ఆకలితో, చలితో పిల్లలు చచ్చిపోయారు. అక్కడ కూడ ముందు మనిషికి పేరు మార్చారు. తర్వాత గొడ్డలి చేతికిచ్చారు.

మనవాళ్ళలో చాలమంది దీన్ని శత్రువుల ప్రచారమని కొట్టివేశారు. వెట్టికి ఎదురుగా 1946 నుంచి 1951 దాకా ప్రాణాలొడ్డి పోరాడిన ప్రజల వారసులం మనం. ఎర్రజెండా కింద జరిగిన వెట్టిని చూడనట్లు నటించే హక్కు అందరికంటె మనకే తక్కువ.

వెట్టిని 1976 చట్టం నేరమన్నది. 2006 చట్టం అడవిబిడ్డల హక్కును ఒప్పుకున్నది. అయినా పోడు రైతును ఆక్రమణదారు అనే నోరు ఇంకా మూతపడలేదు. ఆ మాట వినబడినచోట, అది ఎవరి నోట వచ్చినా, శిబిరానికి మొదటి గుంజ పాతుతున్నారని మన విద్యార్థి గుర్తుపట్టాలి.