టింబక్టు కలెక్టివ్: సంస్థది తోడు, సంఘాలది పెత్తనం

టింబక్టు కలెక్టివ్ చెన్నేకొత్తపల్లి కేంద్రంగా పనిచేసే లాభాపేక్ష లేని సంస్థ. సి.కె. గంగూలీ, మేరీ వట్టమట్టం మరికొందరు మిత్రులతో కలిసి 1990లో 32 ఎకరాల బీడు కొని, అక్కడే నివాసం ఏర్పరచుకుని దీన్ని మొదలుపెట్టారు. తర్వాత పని రామగిరి, రొద్దం మండలాలకూ పాకింది.

ఇలాంటి సంస్థకు వాటాదారులుండరు. విరాళాలూ గ్రాంట్లూ జీతాలకు, శిక్షణకు, పనులకు ఖర్చవుతాయి. మిగిలినది పంచుకోవడానికి వీల్లేదు, తిరిగి పనిలోకే వెళ్లాలి. కొత్త సంస్థ ఏది వచ్చినా ఊళ్లో ముందు అడిగేది "ఏమిస్తారు?" అనే. టింబక్టు పంచిపెట్టిన దానికన్నా కూడగట్టిన సంఘాలే ఎక్కువ.

వాటిలో ముందు చెప్పుకోవలసినవి మహిళల పొదుపు సంఘాలు. పాత చట్టం కింద సహకార సంఘమంటే ప్రభుత్వ వాటా, రిజిస్ట్రార్ అజమాయిషీ. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఆ ముడి విప్పింది. సభ్యుల సొమ్ముతో, సభ్యులు ఎన్నుకున్న పాలకవర్గంతో సంఘం నడుపుకోవచ్చు. నెలనెలా వేసుకున్న డబ్బులోంచే మహిళలు అప్పు తీసుకుంటారు, కట్టిన వడ్డీ వాళ్ల సంఘానికే చేరుతుంది. ఈ సంఘాల సమాఖ్య పేరు మహాశక్తి. చూడవచ్చినవాళ్లకు కనిపించని కష్టమంతా లెక్కల పుస్తకాల్లో, సమావేశాల్లో ఉంది.

కల్పవల్లి అనే ఉమ్మడి నేల కథ వేరు. ముష్టికోవెల చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బోడిగుట్టల్లో నరుకుడు ఆపి, కావలి పెట్టి, ఎండాకాలం మంటలు పాకకుండా గడ్డి చెక్కి పట్టీలు తీశారు. విత్తనాలు చల్లినా, మొదట చిగిర్చింది నేలలో మిగిలిన పాత వేళ్లే. గుట్టలు పచ్చబడ్డాక గొర్రెలకు మేత, ఇళ్లకు చీపురుగడ్డి, ఈతాకు దొరికాయి. అయితే భూమి రెవెన్యూ శాఖది. కాపాడినంత మాత్రాన హక్కు రాదు. తర్వాత అక్కడ గాలిమరలు లేచాయి, వాటి రోడ్లు గుట్టలను కోశాయి. ఎవరి పేరా పట్టా లేని ఉమ్మడి నేలను నిలబెట్టడంలో ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది.

బడి, వికలాంగుల సంఘాలు కూడా సంస్థ పనుల్లో భాగమే.

2008లో ఏర్పడిన ధరణి, రైతుల సహకార సంఘం. తనకల్లు నుంచి ధర్మవరం దాకా మెట్టరైతుకు శెనక్కాయే ఆధారం. ఆ ఒక్క పంట పోతే ఏడాదంతా పోయినట్టే. అందుకే ధరణి సభ్యులు కొర్ర, సామ వంటివి కూడా రసాయనాలు లేకుండా పండిస్తారు. పొరుగు రైతులే ఒకరి చేను ఒకరు చూసి హామీ ఇచ్చుకుంటారు. సంఘం ఆ పంట కొని, శుభ్రం చేసి, ప్యాకెట్లు కట్టి అమ్ముతుంది. ఇక్కడ లాభం రావచ్చు, రావాలి కూడా. అది సభ్యులైన రైతులకు చెందుతుంది, కలెక్టివ్‌కు కాదు.