ఆచార్య పీఠము, ఉపాధ్యక్ష పీఠము

కళాశాలలో పాఠము చెప్పుట ఒక వృత్తి. విశ్వవిద్యాలయమును నడుపుట మఱియొక వృత్తి. మొదటిదానికి గ్రంథములు, శిష్యులు, తీరిక కావలెను. రెండవదానికి చట్టములు, సభలు, ధనము, వీటన్నిటిని మించిన ఓర్పు కావలెను. ఈ రెంటిని ఒక్క జీవితమున ఇముడ్చుకొన్నవారు మన దేశమున కొలదిమందియే. వారిలో తెలుగువారి పాలు తక్కువ కాదు. కాకినాడ పిఠాపురము రాజా కళాశాలకు ప్రధానాచార్యులై పేరొందిన రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు 1925లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరు, అనగా ఉపాధ్యక్షులు, అయిరి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు కలకత్తాలో తత్త్వశాస్త్రాచార్యులుగా నుండి 1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులై వచ్చిరి. అయినను ఈ రెండు వృత్తుల పొత్తును, వాని పోరును కూడ తెలిసికొనగోరువారికి కట్టమంచి రామలింగారెడ్డిగారి చరిత్రకు మించినది లేదని మా తలంపు.

రెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరునకు చేరువనున్న కట్టమంచి గ్రామమున జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచున్న దినములలోనే 'ముసలమ్మ మరణము' అను కావ్యమును రచించిరి. ఊరి చెఱువు తెగకుండుటకై తన ప్రాణమును అర్పించిన ఒక కోడలి కథ అది. 1902లో ప్రభుత్వ విద్యార్థివేతనముపై కేంబ్రిడ్జికి పోయి, సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర చదివిరి. అచ్చటి విద్యార్థుల వాదసభయగు యూనియనునకు ఉపాధ్యక్షులుగా ఎన్నికయిరి. తర్కించుట, ఒప్పించుట, ఓడినను సభామర్యాద తప్పకుండుట వారు అలవఱచుకొన్నది అచ్చటనే.

స్వదేశమునకు మరలివచ్చిన పిదప మొదట బరోడా కళాశాలలో పనిచేసిరి. అరవింద ఘోషుగారు విడిచిపోయిన ఉపప్రధానాచార్య స్థానమే వారికి లభించెను. 1909లో మైసూరు మహారాజా కళాశాలకు వచ్చి ఆచార్యులై, పిమ్మట ప్రధానాచార్యులైరి. వారి సాహిత్యజీవితమునకు ఇవి పండిన యేండ్లు. పింగళి సూరన కళాపూర్ణోదయమును పరిశీలించుచు వ్రాసిన 'కవిత్వతత్త్వ విచారము' 1914లో వెలువడి, తెలుగు విమర్శకు క్రొత్త త్రోవ చూపెను. ప్రాచీనుల యెడల భక్తి యుండవచ్చును గాని ప్రశ్న మానరాదనుట ఆ గ్రంథము యొక్క సారము. తరగతిలో శిష్యులకు నేర్పవలసినదియు అదియే కదా!

1916లో మైసూరు విశ్వవిద్యాలయము వెలసెను. దేశీయ సంస్థానములలో అదియే మొదటి విశ్వవిద్యాలయము. దాని తొలి దినములలో రెడ్డిగారు కూడ పాటుపడిరి. తరువాత ఆ సంస్థానమున విద్యాశాఖకు ఇన్‌స్పెక్టరు జనరలైరి. అంటరానివారని దూరముంచబడిన కులముల బిడ్డలకు ప్రభుత్వ పాఠశాలల తలుపులు తెఱచుటకు ఆ పదవిలో గట్టిగా పూనుకొనిరి. ఆచార్యుని మాట ఒక గదిలోని వారికి మాత్రమే వినబడును. అధికారి సంతకము ఊరూర పనిచేయును. పరిపాలనలోని ఆకర్షణ ఇది. దానికి చెల్లింపవలసిన వెల కూడ గలదు.

1921లో ఆ కొలువు విడిచి రాజకీయములలో ప్రవేశించిరి. 1923లో మద్రాసు శాసనసభలో పానగల్లు రాజాగారి మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానము ప్రతిపాదించినవారు రెడ్డిగారే. తీర్మానము వీగిపోయినది గాని, ప్రభుత్వమును నిలదీయు నేర్పు వారియందు మఱింత పదునెక్కెను.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడలో ప్రారంభము కాగా, రెడ్డిగారు తొలి ఉపాధ్యక్షులైరి. నాటికి అది కళాశాలలను అనుబంధించుకొని పరీక్షలు జరుపు సంస్థ మాత్రమే. దానికి స్థిరమైన చోటెక్కడ అను వివాదము నాలుగేండ్లు సాగెను. ఒక్కొక్క పట్టణము తనకే కావలెననెను. దత్తమండలములు తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలోనికి పోయెను. తుదకు 1930లో కేంద్రస్థానము వాల్తేరునకు మాఱెను.

ఇల్లు కుదురుకొను ఆ సమయముననే ఉప్పు సత్యాగ్రహము వచ్చెను. ప్రభుత్వము సత్యాగ్రహులపై సాగించిన దమనకాండకు నిరసనగా రెడ్డిగారు 1930లో తమ పదవికి రాజీనామా యిచ్చిరి. ఆ నిర్ణయము బరువు గ్రహింపవలెను. విశ్వవిద్యాలయమునకు ఛాన్సలరు మద్రాసు గవర్నరు, ధనమిచ్చునది ప్రభుత్వము. మౌనముగా నుండినచో సంస్థకు మేలని వాదించుటకు చాలినంత తావుండెను. ఆ వాదమును వారు కాదనిరి. కుర్చీని నిలుపుకొనుటకై నోరు మూసికొనినవాడు మఱల విద్యార్థుల యెదుట నిలిచి ఏమి బోధింపగలడు? ఉపాధ్యక్షులై వారు చెప్పిన గొప్ప పాఠము ఆ రాజీనామాయే యని చెప్పుదుము.

1931 నుండి 1936 వఱకు రాధాకృష్ణన్ గారు వాల్తేరులో బోధనశాఖలను నెలకొల్పి, దేశము నలుమూలలనుండి యువకులగు ఆచార్యులను రప్పించిరి. జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేట లక్ష రూపాయలు ఒసగి ఆదుకొనిరి. 1936లో రెడ్డిగారు తిరిగి ఉపాధ్యక్షులై 1949 వఱకు కొనసాగిరి. 1942 ఏప్రిలులో విశాఖపట్టణముపై జపాను బాంబులు పడగా, విశ్వవిద్యాలయమును గుంటూరునకు తరలింపవలసి వచ్చెను. గ్రంథములను, పరికరములను, విద్యార్థులను వేఱొక ఊరికి చేర్చి చదువు సాగించుట కీర్తి తెచ్చు పని కాదు. కాని అది జరుగకున్న విశ్వవిద్యాలయమే లేదు.

1948 డిసెంబరులో విశ్వకళాపరిషత్తు పక్షమున జాతీయ బహుమానమును అరవిందులకు అందించుటకు రెడ్డిగారు స్వయముగా పుదుచ్చేరికి పోయిరి. బరోడాలో వారి స్థానమును పొందిన అధ్యాపకుడు, నలుబదియేండ్ల పిదప ఒక విశ్వవిద్యాలయము తరపున వారికి నమస్కరించెను.

1951 ఫిబ్రవరి 24న రెడ్డిగారు కన్నుమూసిరి. పరిపాలన లేకున్న 'కవిత్వతత్త్వ విచారము' వంటివి మఱికొన్ని మనకు దక్కెడివేమో. ఆ నష్టము నిజము. అయితే ఏటేట వేలమంది చదువుకొను ఆ కొండదరి విద్యాలయము కూడ వారి రచనలలో నొకటియే. కార్యాలయములో కూర్చుండియు అధ్యాపకునిగా నిలువవచ్చునని, అందుకు అవసరమైనప్పుడు కార్యాలయమును విడువగల ధైర్యము ఉండవలెనని వారి జీవితము తెలుపుచున్నది.