సిరివెళ్ల నుంచి గుంటూరు దాకా: జయప్రకాశ్ రెడ్డి రంగస్థల జీవితం

ఒక్క నటుడే వేదికపై నిలిచి, తోటి పాత్రలు లేకుండా మాటతోనే జనాన్ని నవ్వించి కంటతడి పెట్టించే ప్రదర్శనను ఏకపాత్రాభినయం అంటారు. నేటి స్టాండప్ కామెడీకి తెలుగు నాటకరంగంలో దగ్గరి చుట్టం ఇదే. ఆనాటి కర్నూలు జిల్లా, నేటి నంద్యాల జిల్లాలోని సిరివెళ్లలో 1946లో పుట్టిన, ఇలాంటి ప్రదర్శనను ఒంటిచేత్తో నడిపించిన తూర్పు జయప్రకాశ్ రెడ్డి, గణితోపాధ్యాయుడిగా పనిచేస్తూనే నాటకాలాడి, 1988లో 'బ్రహ్మపుత్రుడు'తో సినిమాల్లోకి వచ్చినా, నిలదొక్కుకోవడానికి 1997 నాటి 'ప్రేమించుకుందాం రా' దాకా ఆగవలసి వచ్చింది. అందులోని ప్రతినాయకుడి నోట పలికిన రాయలసీమ యాస ఆయనకు పేరు తెచ్చింది, 'జయం మనదేరా' నంది పురస్కారాన్ని తెచ్చింది. అయితే ఆ యాసను వెండితెర మొదట కత్తికీ బాంబుకీ కట్టిపడేసిందన్నది కాదనలేని మాట. 'వస్తాండా', 'పోతాండా' వంటి క్రియారూపాలతో భయపెట్టిన గొంతుతోనే 'ఢీ', 'రెడీ' వంటి చిత్రాల్లో ఆయన నవ్వులు పూయించడం వల్ల ఆ ముద్ర కొంతైనా సడలింది.

సినిమాల్లో తీరిక లేకున్నా ఆయన రంగస్థలాన్ని వదలలేదు. పూసల వెంకటేశ్వరరావు రచించిన 'అలెగ్జాండర్' నాటకంలో, ఫోన్‌లో తమ గోడు చెప్పుకునేవారికి దారి చూపే విశ్రాంత సైనికాధికారిగా, వేదికపై కనిపించే ఏకైక పాత్రగా, గంటన్నరకు పైగా ప్రదర్శనను నడిపించేవారు. అవతలివారి మాటలను ప్రేక్షకులు ఆయన ముఖంలోనే చదువుకోవాలి. కరోనా కాలంలో గుంటూరులోని ఇంట్లో ఉన్న ఆయన 2020 సెప్టెంబరు 8న గుండెపోటుతో స్నానాలగదిలో కుప్పకూలి మరణించారు.