బంగారు బల్లి: వర్గీకరణ చరిత్ర, ద్వీప బంధుత్వం

కలిదిండి, కైకలూరు ప్రాంతాల వాడుకలో ‘లంక’ అంటే నీటి నడుమ మిగిలిన మెరక. కొల్లేరు నిండితే అది ద్వీపం. నీరు తీస్తే చుట్టుపక్కల నేలలో కలిసిపోతుంది. అయితే ఒక ప్రాణిని వేరుచేసేది నీరు ఒక్కటే కాదు. అది బతకలేని నేల కూడా దానికి సముద్రమే. శేషాచలం కొండల్లోని బంగారు బల్లి చరిత్ర ఇందుకు నిదర్శనం.

మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖాధిపతి రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ 1870లో తిరుపతి కొండల నుంచి ఈ బల్లిని తొలిసారి శాస్త్రీయంగా వర్ణించారు. ఇది ఇంటి బల్లి కంటే పెద్దది. పగలు తేమగల రాతి నెర్రెల్లో దాగి, రాత్రి సంచరిస్తుంది. ఆనాటి బల్లుల వర్గీకరణకు కాలివేళ్ల నిర్మాణం ముఖ్య ఆధారం. దీని వేళ్ల కొనలు విశాలంగా ఉండటంతో బెడ్డోమ్ ‘అందమైన వేళ్లు’ అనే అర్థంలో ‘కాలోడాక్టిలస్’ అనే కొత్త ప్రజాతిని ఏర్పరిచారు. జాతినామమైన ‘ఆరియస్’ బంగారు వన్నెను సూచిస్తుంది. అయితే ఆ ప్రజాతి నామం అప్పటికే మరో జీవికి ఉంది. జంతునామకరణ నియమాల ప్రకారం రెండు ప్రజాతులకు ఒకే పేరు చెల్లదు. అందువల్ల 1920లలో ఎంబ్రిక్ స్ట్రాండ్ దానిని ‘కాలోడాక్టిలోడిస్’గా మార్చారు.

1953లో దెరణియగల శ్రీలంక నుంచి ఇదే ప్రజాతికి చెందిన మరో జాతిని వర్ణించారు. అదీ రాతి గుహల్లో నివసించేదే. ఈ ప్రజాతిలో గుర్తించిన జాతులు ఈ రెండే. ఒకటి ద్వీపంలో, మరొకటి తూర్పు కనుమల్లో ఉన్నాయి. రాతి నెర్రెలను ఆశ్రయించే జీవికి మైదానం దాటరానిది కనుక శేషాచలం కూడా దానికి ఒక లంకే.

దశాబ్దాల పాటు తిరుమల బల్లి ఆచూకీ గ్రంథాలకు ఎక్కలేదు. 1986లో జె.సి. డేనియల్ బృందం బొంబాయి సహజచరిత్ర సంఘం పత్రికలో దాని పునరావిష్కరణను ప్రకటించింది. అనంతరం తమిళనాడు, ఒడిశా కొండల్లోనూ ఇది నమోదైంది. కనుక గ్రంథాల మౌనాన్ని జీవి అంతరించినట్లుగా భావించరాదు.

అలాగని నిశ్చింతగా ఉండటానికీ వీలులేదు. ఈ జాతిలో అనేక ఆడ బల్లులు ఒకే రాతి గోడకు గుడ్లను అంటిస్తాయి. ఆ ఒక్క బండను పగులగొడితే అక్కడి ఒక తరమంతా నశిస్తుంది. లంక మునిగితే మనిషి గట్టుకు చేరగలడు. ఈ బల్లికి చేరువలో మరో గట్టు ఉండకపోవచ్చు.