సొంత వ్యాపారానికి సలహా, ఒంటికి పరీక్ష: ఎక్కడ?

గ్రీన్ కార్డు రాగానే ఉద్యోగం మానేసి కిరాణా కొట్టో, రెస్టారెంటో పెట్టాలనుకునే మనవాళ్ళు పెట్టుబడి లెక్కలన్నీ వేసుకుంటారు. జీతంతో పాటు కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా పోతుందన్న సంగతి మాత్రం చివర్లో గుర్తొస్తుంది. అమెరికాలో ఈ రెండింటికీ సాయపడే సంస్థలున్నాయి.

వ్యాపారం: 1964లో మొదలైన స్కోర్ సంస్థలో అనుభవమున్న వాలంటీర్లు ఉచితంగా సలహాలిస్తారు. మనవాళ్ళు పెట్టుకున్న వాటిలో ఆహోవా (1989) హోటళ్ళ, మోటెళ్ళ యజమానులకు, టై (1992) కొత్త కంపెనీలు పెట్టేవారికి అండగా ఉంటున్నాయి.

ఆరోగ్యం: బీమా పోయాక 60 రోజుల్లోగా మార్కెట్‌ప్లేస్‌లో కొత్తది తీసుకోవచ్చు. ఆ గడువు దాటిపోయినా, ఫెడరల్ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లకు వెళ్ళండి. బీమా లేకపోయినా చూస్తారు, ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు.

అక్కడ షుగర్ పరీక్ష తప్పక అడగండి. ఇతరులకు బీఎంఐ 25 నుంచి చేసే ఈ పరీక్షను ఆసియా సంతతివారికి 23 నుంచే చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో సూచించింది. సన్నగా ఉన్నాం కదా అని ఊరుకోవద్దు.

షాపు తెరిచేముందే ఈ రెండు పనులూ చూసుకోండి. తెరిచాక తీరిక దొరకదు!